పోయిందన్నవాళ్ళు చాయ్ చెప్పాలి

"టీచరమ్మా, ఇయ్యాల చాయ్ నాది."

ఫోన్లో యాదయ్య అన్నది అంతే. తాండూరు స్టేషన్ రోడ్డులో ఆయనకు జిరాక్సు దుకాణం ఉంది. నేను వికారాబాద్‌లో, మా స్కూలు స్టాఫ్ రూములో కూర్చుని ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ఎర్ర పెన్ను మూసి పక్కన పెట్టాను. "ఎప్పుడు?" అన్నాను. "తెల్లారంగ" అన్నాడు. ఆయన గొంతు ఫోను దాటి పక్కవాళ్ళకు కూడా వినపడుతుంది. పక్క కుర్చీలో హిందీ టీచరు "ఎవలో చాయ్ తాగిపిస్తమంటే గట్ల మొకం వెట్టినవేంది?" అని అడిగింది.

ఆమెకేం తెలుసు పాపం! యాదయ్య దుకాణానికి ఆనుకుని ఒంటి షట్టరు దుకాణం ఒకటి ఉండేది. పాడైన కంప్యూటర్లు, ముఖ్యంగా హార్డ్ డిస్కులు బాగుచేసే దుకాణం. అందులో ఒకటే నియమం. "పోయింది" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చినా, వాళ్ళు అక్కడున్న అందరికీ చాయ్ చెప్పాలి. డిస్కు పోయిందన్నా, కరెంటు పోయిందన్నా, ఆఖరికి రైలు పోయిందన్నా మినహాయింపు లేదు. ఆ నియమం పెట్టిన మనిషి గురించి ఆ మాట ఎట్లా అనాలో తెలియక, యాదయ్య ముందే చాయ్ తన మీద వేసుకున్నాడు.

మేమంతా ఆయనను చాచా అనేవాళ్ళం. అసలు పేరు బోర్డు మీద ఉండేదట. ఎండకూ, తాండూరు నాపరాళ్ళ దుమ్ముకూ ఆ అక్షరాలు ఏనాడో మాసిపోయాయి. "కొత్త బోర్డు రాపియ్యొచ్చు గద చాచా?" అని అడిగితే, "బోర్డు సూసి వచ్చెటోడు నాకెందుకు? నా గిరాకీ ఏడ్సుకుంట వస్తడు. ఏడ్సెటోనికి దారి ఎవలన్న చెప్తరు" అనేవాడు.

ముక్కు మీద ఒక జత కళ్ళద్దాలు, నెత్తి మీద ఇంకో జత. అవి రెండూ ఉండగానే మూడో జత కోసం గోడ మీద దబదబా కొట్టేవాడు. "యాదయ్యా, నా అద్దాలు సూసినవా?" గోడ అవతలి నుంచి యాదయ్య, "ఏ అద్దాలు? సదివేటియా, సూసేటియా, దేవులాడేటియా?" అనేవాడు. ఆ గోడ సన్నని ఇటుక గోడ. అటు మాట ఇటు, ఇటు మాట అటు మొత్తం వినపడుతుంది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు.

డిస్కు చేతికివ్వగానే చాచా ముందు చేసే పని, దాన్ని వైరుకు తగిలించి ఎడమ చెవికి ఆనించుకోవడం. కళ్ళు మూసుకుని, కవ్వాలీ వింటున్నట్టు తల ఊపుతాడు. కుడి చెవి ఎందుకు వాడవంటే, "అది మీ చాచీ కోసం అలగ్ వెట్టిన. జర తక్కువ ఇంటది" అంటాడు. విన్న తర్వాత తీర్పు. "టిక్ టిక్ అంటున్నది, అలిగింది" అనో, "గుర్రు వెడుతున్నది, లేపుదాం" అనో, "సప్పుడే లేదు, రోజా ఉపాసమున్నది" అనో చెప్తాడు. తీర్పు అయ్యాక డిస్కును బల్ల మీదున్న నున్నటి నాపరాయి మీద బోర్లా పెడతాడు. ఆ రాయిని ఆయన ఏసీ అంటాడు.

ఆయన గొప్పలకు హద్దుండేది కాదు. హైదరాబాద్ నుంచి ఇంజినీర్లు తన దగ్గర నేర్చుకోవడానికి వస్తారని చెప్పేవాడు. ఆ ఇంజినీర్లను యాదయ్య ఒక్కనాడూ చూడలేదు. నాకు చెప్పిన టెక్నికల్ ముచ్చట్లలో సగం తప్పని తర్వాత మా కంప్యూటర్ సారు తేల్చాడు. అది చాచాతో చెప్తే, "మిగిలిన సగం కరెక్టే గద? మీ సారును అది నేర్సుకొమ్మను" అన్నాడు.

నేను ఆ దుకాణం మెట్లెక్కడానికి కారణం మా నాయన, మా అమ్మ, ఒక కందుల డబ్బా.

మా నాయన రైల్వే గేట్‌మెన్. వికారాబాద్ నుంచి తాండూరు పోయే లైను మీద, కంది చేల నడుమ ఆయన గేటు ఉండేది. ఇప్పుడు గేటు తీసేసి పట్టాల కింది నుంచి రోడ్డు వేశారు. ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకుని నిటారుగా నిలబడటమే ఆయన ఉద్యోగం. ఆ నిలబడటం ఒంటికి పట్టిపోయి, ఇంట్లో కూడా అట్లాగే ఉండేవాడు. నవ్వడు, ఫోటోకు నిలబడడు, ఎవరైనా ఫోను ఎత్తితే అవతలికి నడుస్తాడు. "మీ నాయన నవ్వితే రైలు ఆగిపోతది" అనేది అమ్మ.

అటువంటి మనిషి మా చెల్లె పెళ్ళి బరాత్‌లో ఎగిరాడు. పరిగిలో పెళ్ళి, కొడంగల్ నుంచి బ్యాండు. పెళ్ళికూతురు తండ్రి ఒక మూలన కళ్ళు తుడుచుకుంటాడు, అది లోకం తీరు. మా నాయన మాత్రం ఏం పూనిందో, భుజం మీది పచ్చ టవల్ తీసి బ్యాండు ముందుకు వచ్చేశాడు. ఆయనకు వచ్చిన ఆట ఏముంది? జెండా ఊపుడే. చెయ్యి చాచి టవల్ ఊపుతుంటే బ్యాండు దరువు పెంచింది. ఇంతలో వెనక ఒక ఆటో హారన్ కొట్టింది. నాయన అరచెయ్యి ఎత్తి బ్యాండును ఆపాడు. జనాన్ని పక్కకు జరిపి, ఆటోను పోనిచ్చి, మళ్ళీ బ్యాండు వైపు తిరిగి టవల్ ఊపాడు. దరువు మొదలైంది. వీధంతా ఈలలు! ఆ తర్వాత పాల బండి, ఆ తర్వాత ఎవరిదో స్కూటరు. ఎగురుతూనే ట్రాఫిక్కంతా నడిపించాడు మహానుభావుడు.

మరుసటి ఏడు గుండెపోటుతో నాయన చనిపోయాడు. అమ్మ ఎక్కువ ఏడవలేదు కానీ ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నది: "బిడ్డా, కండ్లు మూసుకుంటే మీ నాయనను వాకిట్ల పండవెట్టిందే కనవడుతున్నది. ఎన్కటి మొకం యాదికొస్తలేదు. గా ఎగిరిన వీడియో ఒక్కసారి సూపియ్యి. గిది తుడుసుకపోయి గది రావాలె." నాయన సంవత్సరీకానికి, ఏడాది పెట్టే రోజుకు చూపిస్తానని మాటిచ్చాను. అదెంత పని అనుకున్నాను. పెళ్ళి వీడియో మొత్తం ఫోటోగ్రాఫర్ ఒక హార్డ్ డిస్కులో వేసి ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన స్టూడియో మూసి గల్ఫ్‌కు వెళ్ళిపోయాడు కనుక, ఉన్నది ఆ ఒక్కటే.

"డిస్కు ఎక్కడ వెట్టినవమ్మా?"

"భద్రంగనే వెట్టిన."

అమ్మ భద్రం అంటే కందుల డబ్బా. మా వైపు విత్తనం కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాలో పోస్తారు. పురుగు పట్టదు. ఆ కందుల అడుగునే మా అమ్మమ్మ కాలం నుంచి గుండ్లు, కమ్మలు, పట్టీలు దాస్తారు. అమ్మ అదే పద్ధతిలో డిస్కును జాకెట్టు ముక్కలో చుట్టి కందుల్లో పూడ్చింది. కందులు తీయడానికి డబ్బా వంచినప్పుడల్లా డిస్కు కూడా జారి బండకు కొట్టుకుంది. ముడి ఊడింది. సందు దొరికిన చోటల్లా ఎర్రమట్టి దూరింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"కందులల్ల ఎవలన్న వెడతరా అమ్మా?"

"మొన్న నీ ఫోను నీళ్ళల్ల వడితే బియ్యంల వెట్టినవు గద? నువ్వు వెడితే సైన్సు, నేను వెడితే పిచ్చా?"

డిస్కును మళ్ళీ జాకెట్టు ముక్కలో చుట్టి నా స్కూలు సంచిలో వేసుకున్నాను.

స్కూల్లో కంప్యూటర్ సారు ఆ డిస్కును తగిలించి చూశాడు. లైటు వెలిగింది, లోపల టిక్ టిక్ మన్నది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. జబ్బు కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాడు. అది కాదని ఇంకొకటి దింపుకుని వేశాడు. "మేడం, జబ్బు సంగతి తర్వాత. అసలు డిస్కు పెట్టినట్టే వీటికి తెలుస్తలేదు. డిటెక్టే అయితలేదు" అన్నాడు. నా ముఖం చూసి జాలిపడి, తాండూరు చాచా సంగతి చెప్పాడు. "బాగుచేస్తడో లేదో గ్యారంటీ లేదు మేడం. కానీ పోయొచ్చినోళ్ళకు మనసు జర నిమ్మళమైతది."

ఆదివారం రైలెక్కి తాండూరు వెళ్ళాను. దుకాణంలో ఎవరెవరో కూర్చుని ఉన్నారు. డిస్కు బల్ల మీద పెట్టి, "నమస్తే చాచా. డిస్కు పోయింది" అన్నాను.

కూర్చున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గోడ అవతలి నుంచి "నాకు జర శక్కర తక్కువ!" అని ఒక గొంతు కేకేసింది. నాకు ఒళ్ళు మండింది. ఏడాది పెట్టే రోజు దగ్గర పడుతోంది, అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను, వీళ్ళకు నవ్వులాటగా ఉంది! "నేను వికారాబాద్ నుంచి వచ్చింది మీకు చాయ్ తాగిపియ్యనీకి కాదు" అన్నాను.

"కోపం మంచిదే టీచరమ్మా" అన్నాడు చాచా, నేను టీచర్నని ఎట్లా కనిపెట్టాడో. "కోపమున్నదంటే ఆశ ఉన్నట్టే. చాయ్ చెప్పు, పని మొదలువెడత."

జాకెట్టు ముక్క విప్పి, డిస్కు పైడొప్ప ఊడదీశాడు. జల్లున ఎర్రమట్టి రాలింది. దాని వెనక ఒక కందిగింజ టప్పున నాపరాయి మీద పడింది. చాచా దాన్ని రెండు వేళ్ళతో తీసి, రెండో జత అద్దాలు దించుకుని చూశాడు. "మాషా అల్లా! డేటా వస్తున్నది. ఒక గింజ వచ్చింది." నేను తల దించుకుని అమ్మ కథంతా చెప్పాను. "బంగారం దాసెటోళ్ళను సూసిన. మీ అమ్మకు డిస్కు, బంగారం ఒక్కటే. నాకైతే తప్పు కనవడుతలేదు. ఒక్క గ్యారంటీ ఇస్త, పురుగైతే వట్టది" అన్నాడు.

తర్వాత తన విద్యలన్నీ చూపించాడు. కుంచెతో మట్టి దులిపాడు. వైర్లు మార్చాడు, కంప్యూటర్లు మార్చాడు. అదే రకం పాత డిస్కు ఒకటి అటక మీద నుంచి దింపి, దాని కింది సర్క్యూట్ దీనికి బిగించాడు. ప్రతిసారీ లైటు, టిక్ టిక్, ఖాళీ తెర. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని గుర్తుపట్టలేదు. నేను ఆ సాఫ్ట్‌వేర్లను తిట్టాను. ఆయన అడ్డుపడ్డాడు. "దాని తప్పేమున్నది పాపం? అది తలుపు కొడుతది. లోపట మనిషి 'ఆఁ' అంటేనే ఇంట్ల ఉన్నడంటది. మా గల్లీకొచ్చే కొరియరాయన గంతే. నేను లోపట పండుకొనే ఉంట. ఆయన ఇంట్ల ఎవ్వరు లేరని రాసి పోతడు."

ఆఖరికి ఎడమ చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు. వైరు పీకేసి, డిస్కును మళ్ళీ జాకెట్టు ముక్కలో చుట్టాడు. "మట్టి లోపటి దాక దూరింది టీచరమ్మా. ఇంక తిప్పితే మొత్తం గీసుకుంటది. పండుకోనియ్యి." ఆ ఒక్క మాట తప్ప అన్నీ అన్నాడు. నాకు అర్థమైంది. లేవబోయాను.

"కూసో. చాయ్ అయితే తాగినం గని, ముచ్చట చెప్పలే నువ్వు. దీన్ల ఏమున్నది?"

"పెండ్లి వీడియో."

"పెండ్లిల్లు అందరింట్ల ఉంటయి. నీకేం గావాలె?"

చెప్పాను. గేటు, పచ్చ టవల్, ఆటో, అమ్మ కళ్ళు మూసుకుంటే కనపడేది, అన్నీ చెప్పాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. చాచా అద్దాలు రెండు జతలూ తీసి పక్కన పెట్టాడు. గోడ అవతల జిరాక్సు మిషను చప్పుడు కూడా ఆగిపోయింది.

"పోగొట్టుకున్న కాడ్నే దేవులాడాలె అంటరు" అన్నాడు చివరికి. "తప్పు. ఆడ దొరికెటట్టుంటే నా దగ్గరకెందుకొస్తవు?"

"చాచా, అన్నవు! చాయ్ నీది!" అని యాదయ్య కేక.

"నేననలే, సామెత అన్నది!" అని గోడకు జవాబు చెప్పి నా వైపు తిరిగాడు. "మీ నాయన ఎగిరేటప్పుడు ముంగట ఎవలున్నరు? ఎనకటోళ్ళు వద్దు. ముంగటోళ్ళ చేతులల్ల ఫోన్లుంటయి."

ఇదీ ఆయన అసలు పనితనం. డిస్కుల దగ్గర ఓడిపోయినప్పుడల్లా మనుషుల మీద పడేవాడు. మా చుట్టాల నంబర్లన్నీ తీసుకున్నాడు. వారం రోజులు ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. "నేను పెండ్లిపిల్ల నాయన దోస్తును, తాండూర్ నుంచి" అని చెప్పేవాడట. మా నాయనను ఆయన కన్నెత్తి చూసింది లేదు. పచ్చి అబద్ధం! ఎవరి మోకాళ్ళు నొస్తున్నాయో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళిందో నాకంటే ముందే ఆయనకు తెలిసిపోయింది. మా మేనత్త నాకు ఫోను చేసి, "మీ నాయన దోస్తు మస్తు మంచోడే, మందు పేరు చెప్పిండు" అన్నది.

చుట్టాలు పంపిన వీడియోలు చూడాలి. మా పరిగి మామ బరాత్‌కే రాలేదు. పెద్ద గంజు గిన్నెలో మటన్ కలుపుతుండగా తీసి పంపాడు. మరిది దోస్తు ఎవరో మొత్తం కాళ్ళే తీశాడు, చెప్పులతో సహా. మేనత్త తన ముఖానికే ఫోను పెట్టుకుని, కొత్త హారం ఎట్లా మెరుస్తోందో తీసుకుంది. నేను దండం పెట్టి వదిలేద్దామన్నాను. చాచా మాత్రం మేనత్త హారాన్ని మళ్ళీ మళ్ళీ చూసి, నాకు ఫోను చేసి అరిచాడు. "దొరికింది టీచరమ్మా! అత్తమ్మ చెవి ఎనక పచ్చ టవల్ దొరికింది! టవల్ ఉన్నదంటే మనిషి గాడ్నే ఉంటడు. ఇంకోటి సూడు. టవల్ ముంగట బ్యాండాయన నిలవడ్డడు. సన్నాయి సంకల వెట్టుకున్నడు. వాయిస్తలేడు. చెయ్యి మీదికి లేపిండు. ఎందుకు లేపిండు?"

వీడియో తీయడానికి ఫోను పట్టుకున్నాడు గనుక! మర్నాడే చాచా కొడంగల్ బస్సెక్కాడు.

ఆ తర్వాత జాడ లేదు. ఫోను చేస్తే ఎత్తడు. యాదయ్యను అడిగితే, "దుకాణం తెరుస్తున్నడు, మూస్తున్నడు, ఎవలతోని మాట్లాడుతలేడు" అన్నాడు. ఏడాది పెట్టే రోజు రానే వచ్చింది. పొద్దున్నే వంటవాళ్ళు పొయ్యి రాజేశారు. అమ్మ ఊరికే నా చేతుల వైపు చూసింది. ఆ చూపుకు చచ్చిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడు మా గల్లీ మలుపులో నెత్తి మీద అద్దాలతో చాచా కనిపించాడు.

నన్ను పక్కకు పిలిచి, దొంగతనం చేసినవాడిలా గొంతు తగ్గించాడు. "దొరికింది. మీ నాయన ఆటను బ్యాండాయన కొత్త గిరాకీలకు సూపిస్తున్నడు. 'మేం కొడితే గేట్‌మెన్ సాబ్‌లు గూడ ఎగురుతరు' అని చెప్పుకుంటున్నడు. గని ఫోను మారిసిండు. వీడియో ఒక పాత మెమరీ కార్డుల ఉన్నది. గా కార్డు..." ఆగాడు. "గా కార్డు నా లాప్‌టాప్‌ల డిటెక్ట్ అయితలేదు. నా దగ్గరున్న ఏ మిషిన్ల అయితలేదు. తాండూర్‌కు తెచ్చి వారమంత కొట్లాడిన. బ్యాండాయన ఇంట్ల ఒక డొక్కు టీవీ ఉన్నది, దాన్ల వెడితే మాత్రం నీళ్ళు తాగినట్టు వస్తున్నది."

"అయితే ఎట్ల తీసినవు?"

చాచా అటూ ఇటూ చూశాడు. "నిన్న మల్ల కొడంగల్ వోయి, టీవీ ముంగట ఫోను వట్టుకొని నిలవడి తీసిన. ఈ ముచ్చట తాండూర్ల తెలిస్తే నా ఇజ్జత్ ఉండది టీచరమ్మా. ముఖ్యంగ యాదయ్యకు."

నవ్వు ఆపుకుని ఫోను అందుకున్నాను. టీవీ అంచు కనిపిస్తోంది, బొమ్మ కాస్త వణుకుతోంది. కానీ నాయన ఉన్నాడు! టవల్ ఊపుతున్నాడు, అరచెయ్యి ఎత్తుతున్నాడు, ఆటో పోతోంది. పైగా బ్యాండు మోతను మించి చాచా గొంతు. "అరె వా! క్యా బాత్ హై సాబ్! ఆపిండు, ఆపిండు... ఆటో పోనియ్యిరి... ఆఁ, ఇగ కొట్టుర్రి!" మొదటి నుంచి చివరి దాకా అదే గోల. ఆఖరున వీడియో అయిపోతుండగా ఆ ఇంటివాళ్ళతో, "చాయ్ ఏమాయె?" అని అడగడం కూడా పడింది.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "మా నాయన ఆటల నీ ముచ్చట్లేంది చాచా?"

"ఒక్కడే ఎగిరితే ఏం బాగుంటది టీచరమ్మా? మెచ్చుకునెటోడు ఒగడుండాలె గద."

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మను కూర్చోబెట్టి చూపించాము. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూసింది. ఆటోను పోనిచ్చిన దగ్గర పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "గా మాట్లాడేదెవలు?" అని అడిగింది. "నాయన దోస్తు" అన్నాను. నా నోటికి కూడా ఆ అబద్ధమే వచ్చింది. "మీ నాయనకు దోస్తులెవరున్నరు?" అని ఆశ్చర్యపోయి, కాసేపు విని, "పోనీలె, ఒక్కడన్న ఉన్నడు" అన్నది. రెండు రోజుల తర్వాత పొద్దున పళ్ళు తోముకుంటూ, ఎవరితోనో చెప్పినట్టు చెప్పింది: "ఇప్పుడు కండ్లు మూసుకుంటే టవలే కనవడుతున్నది."

ఆ గొంతు లేకుండా ఇంకోసారి తీసి తెమ్మని చాచాను ఎన్నిసార్లు సతాయించానో! "తెస్త, తెస్త. కొడంగల్ బస్సు దొరుకుతలేదు" అనేవాడు. తాండూరు నుంచి కొడంగల్‌కు బస్సు దొరకదట! నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా దుకాణంలో కాసేపు కూర్చునేదాన్ని. "పోయింది" అని నోరుజారి ఎన్ని చాయ్‌లు చెప్పానో నాకే తెలియదు. కొన్ని కావాలనే జారాను.

యాదయ్య ఫోను వచ్చిన తర్వాతి ఆదివారం చాచా ఇంటికి వెళ్ళాను. యాదయ్య వాకిట్లోనే ఎదురొచ్చాడు. చాచీ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "దా బిడ్డా" అని చెయ్యి పట్టుకుంది.

"ఊరందరి పెండ్లిల్లు దేవులాడి తెచ్చిండు గని, ఇంట్ల తన ముక్క ఒక్కటి వెట్టుకోలే" అన్నాడు యాదయ్య. "చాచీ ఆయన మాట ఒక్కపారి వినాలంటున్నది. ఆయన లెక్కనే నేను గూడ గిరాకీలందరికి ఫోన్లు కొట్టిన." దొరికినవి చూపించాడు. ఒక ఫోటోలో చాచా మోచెయ్యి ఉంది. ఒకదాంట్లో వీపు. ఇంకోదాంట్లో బల్ల మీద ఒంటరిగా అద్దాల జత. అది మూడో జత అయి ఉండాలి. గొంతు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"ఉన్నన్ని దినాలు జర నోరు మూయుమని కొట్లాడిన" అన్నది చాచీ. "ఇప్పుడు ఇంట్ల సప్పుడే లేదు బిడ్డా. చెవులు నొస్తున్నయి."

ఫోను తీసి, సౌండు పూర్తిగా పెంచి, చాచీ ముందు పెట్టాను.

బ్యాండు మోగింది. మా నాయన పచ్చ టవల్ తీశాడు. "అరె వా! క్యా బాత్ హై సాబ్!" చాచీ ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. తర్వాత ఫోను వైపు చూసింది. కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. "ఆపిండు, ఆపిండు... ఆటో పోనియ్యిరి..." అని చాచా గొంతు ఇల్లంతా నిండింది. యాదయ్య తెర దగ్గరికి తల పెట్టి చూసి, ఒక్కసారిగా, "ఇదేంది? టీవీ అంచు గద ఇది! టీవీ ముంగట నిలవడి తీసిండా? కార్డు పొట్ట ఇప్పి గీకి తీసిన అన్నడు గద నాతోని!" అన్నాడు. నవ్వలేక, ఏడవలేక గోడ పట్టుకున్నాడు. ఆ గోడ అవతల ఎవరూ లేరు. చాచా ఇజ్జత్ ఇన్నాళ్ళు కాపాడాను, ఇంక నా వల్ల కాలేదు.

తెర మీద మా నాయన బ్యాండు వైపు తిరిగి టవల్ ఊపాడు. "ఆఁ, ఇగ కొట్టుర్రి!" పాల బండి పోయింది, స్కూటరు పోయింది. దరువు తగ్గుతూ వచ్చింది. ఫోను పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, బొమ్మ ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు చాచా అడిగాడు:

"చాయ్ ఏమాయె?"

"ఠైరో జీ, లాతూఁ... తెస్తున్న" అంటూ చాచీ లేచి వంటింట్లోకి నడిచింది.